వెతికే మాట ఎవరిది?

వంటల గురించో, పసిపిల్లల జబ్బుల గురించో, భూముల రిజిస్ట్రేషన్ గురించో సైటు నడిపేవారికి 2011 దాకా ఒక సౌకర్యం ఉండేది. తమ పేజీకి వచ్చిన పాఠకుడు గూగుల్‌లో ఏ మాటలు టైపు చేసి వచ్చాడో వారికి కనిపించేది. నెల బిడ్డకు కడుపునొప్పి, భర్త చేత తాగుడు మాన్పించడం ఎలా, అప్పు కట్టకపోతే జైల్లో వేస్తారా. ఇలాంటి మాటలు వరుసగా ఉండేవి. సర్వర్ లాగ్ తెరిస్తే ఆ మాటల పక్కనే తేదీ, సమయం, ఏ ప్రాంతం నుంచి వచ్చారో సూచించే ఐపీ చిరునామా ఉండేవి. అడిగినవారు ఆ మాటను గూగుల్‌కు మాత్రమే చెప్పాననుకున్నారు. తాము అడుగుపెట్టిన ప్రతి సైటుకూ అది ముందుగానే చేరిపోతోందని చాలామందికి తెలియదు.

ఇందులో కుట్ర లేదు. వెబ్ పుట్టినప్పటి ఏర్పాటే అది. ఒక పేజీలో లింకు నొక్కి మరో పేజీకి వెళ్తే, ఎక్కడి నుంచి వస్తున్నామో ఆ పేజీ చిరునామాను బ్రౌజర్ కొత్త సైటుకు అందించేది. గూగుల్ ఫలితాల పేజీ చిరునామాలో మనం టైపు చేసిన మాటలు కూడా ఉండేవి కాబట్టి, చిరునామాతో పాటు అవీ వెళ్లిపోయేవి. కొత్త ఊళ్లో ఫలానావారి ఇల్లెక్కడని అడిగితే, దారి చూపినవాడే మనకంటే ముందు పరుగెత్తుకెళ్లి మనం ఏ కష్టంతో వస్తున్నామో ఆ ఇంటివాళ్లకు చెప్పేసినట్టుండేది.

తెలుగు సైట్లకు ఈ సౌకర్యం ఆలస్యంగా అందింది. 2000 తర్వాత చాలా ఏళ్లు తెలుగు పత్రికల సైట్లలో ఎక్కువ భాగం ఎవరి ఫాంటు వారే పెట్టుకుని నడిచాయి. తెర మీద తెలుగు కనిపించేది కానీ, లోపల ఉన్నవి ఇతర అక్షరాల సంకేతాలు. అది తెలుగని సెర్చ్ ఇంజిన్‌కు తెలిసే వీలు లేదు. రోజూ వేల మాటలు అచ్చవుతున్నా, వెతికితే ఒక్కటీ దొరికేది కాదు. అలాంటి పేజీలను, కంప్యూటర్లన్నీ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ను వెన్న నాగార్జున తయారుచేశారు. 2003లో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు రాసేందుకు వీవెన్ ‘లేఖిని’ని అందించారు. వీరి శ్రమతో, జీతం బత్తెం లేకుండా రాసిన వందల మంది బ్లాగర్ల పట్టుదలతో తెలుగు వెతికితే దొరికే భాష అయింది. ఆ తరం రాతగాళ్లకు, ఎవరో ఎక్కడో తెలుగులో ఒక మాట వెతికి తమ పేజీకి వచ్చారని తెలియడం ఎంత సంబరంగా ఉండేదో ఊహించవచ్చు. అందుకే ఆ మాటలు కనిపించకుండా పోయినప్పటి బాధను తేలిగ్గా తీసిపారేయలేం.

ఆ మాటలు చూసి మంచి పనులు చేసినవారు ఉన్నారు. పాఠకులు తమ పేజీకి ఒక ప్రశ్నతో వస్తున్నారని, ఆ ప్రశ్నకు అక్కడ జవాబు లేదని గమనించి, కూర్చుని ఆ జవాబు రాసినవారున్నారు. అదే జాబితా చూసి, అడుగున కనీకనిపించని అక్షరాలతో సినిమా పేర్లు, జబ్బుల పేర్లు కుక్కి జనాన్ని లాగినవారూ ఉన్నారు. పేజీని ఫలితాల్లో పైకి తెచ్చే, ఎస్ఈఓ అని మనం పిలుచుకునే విద్య ఈ రెండు దారుల్లోనూ పెరిగింది. రెండింటికీ ముడిసరుకు ఒకటే: అడిగినవారికి తెలియకుండా అందిన మాట.

మాట ఒక్కటే అయితే ప్రమాదం పెద్దది కాకపోవచ్చు. మాటల వరుసతోనే మనిషి బయటపడతాడు. 2006 ఆగస్టులో అమెరికాకు చెందిన ఏఓఎల్ సంస్థ, పరిశోధకులకు పనికొస్తుందన్న ఉద్దేశంతో దాదాపు 6.5 లక్షల మంది మూడు నెలల్లో వెతికిన సుమారు 2 కోట్ల ప్రశ్నలను నెట్‌లో పెట్టింది. పేర్లు తీసేసి వాటి స్థానంలో నంబర్లు వేసింది. కొద్ది రోజులకే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనకున్న వృద్ధురాలిని కనుక్కుని కలిశారు. ఆమె వెతికిన ఊరి పేరు, బంధువుల ఇంటిపేర్లే దారి చూపించాయి. ఆ జాబితాలో చాలా జబ్బుల పేర్లున్నాయి. అవి తనవి కావని, స్నేహితులకు సాయం చేద్దామని వాటి గురించి చదివానని ఆమె చెప్పింది. ఆ జాబితాను ఒక బీమా కంపెనీయో, ఉద్యోగమిచ్చే సంస్థో ఆమెను అడగకుండానే చదివి ఉంటే ఏమనుకునేది? ఏఓఎల్ ఆ సమాచారాన్ని వెనక్కి తీసుకుంది, క్షమాపణ చెప్పింది, దాని సాంకేతిక విభాగం అధిపతి వైదొలిగారు. నెట్‌లోకి వెళ్లిన ప్రతులు మాత్రం వెనక్కి రాలేదు.

2011 అక్టోబరు 18న గూగుల్ ఒక నిర్ణయం ప్రకటించింది. తమ ఖాతాలో లాగిన్ అయి వెతికేవారి శోధనలు ఇకపై ఎన్‌క్రిప్ట్ అవుతాయి (దారిలో ఎవరూ చదవలేని సంకేతాలుగా మారతాయి), వారు టైపు చేసిన మాటలు సైట్లకు చేరవు అని. అప్పటి నుంచి సైట్ల వారు తెరిచే అనలిటిక్స్ పట్టికలో మాటల స్థానంలో ‘నాట్ ప్రొవైడెడ్’ అనే వరుస కనిపించడం మొదలైంది. మొదట అది కొద్ది శాతమే. 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా పత్రాలను బయటపెట్టారు. ఆ ఏడాది సెప్టెంబరుకల్లా లాగిన్‌తో నిమిత్తం లేకుండా అందరి శోధనలనూ గూగుల్ ఎన్‌క్రిప్ట్ చేయసాగింది. ఆ ఒక్క వరుసే పట్టికను దాదాపు మొత్తం ఆక్రమించింది.

సైట్లవారు గోలపెట్టారు. కళ్లకు గంతలు కట్టారన్నారు. ఆ బాధ అర్థమవుతుంది కానీ, ఆ తగాదాలో మేం పాఠకుడి పక్షమే. తన ఇంట్లో తలుపు వేసుకుని అడిగిన ప్రశ్నను, అడిగినవారు ఇష్టపడితే తప్ప, జవాబు రాసినవారు కూడా చూడకూడదు. రచయితకు పాఠకుడి మీద ఉండాల్సిన శ్రద్ధ వేరు, పాఠకుడి గురించి తెలుసుకునే హక్కు వేరు. పత్రికలు శతాబ్దానికి పైగా పాఠకుడి మనసులో ఏముందో ఎవరూ చెప్పకుండానే, ఉత్తరాలు చదివి, ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి తెలుసుకున్నాయి. ఆ దారి మూతపడలేదు.

అయితే ఆ రోజు మూసిన తలుపు ఒకవైపుదే. ప్రకటనలు కొన్నవారికి, ఆ ప్రకటన నొక్కి వచ్చినవారి మాటలు మరో రెండున్నరేళ్లు అందుతూనే ఉన్నాయి. 2014 ఏప్రిల్‌లో ఆ దారినీ మూశారు. ఆ తర్వాత కూడా, ఏ మాటలు వెతికినవారికి తమ ప్రకటన కనిపించిందో తెలిపే నివేదిక డబ్బు కట్టేవారికి వేరుగా చేరుతూ వచ్చింది. 2020లో దాన్ని కూడా కుదించి, తగినంతమంది వెతికిన మాటలే చూపిస్తామన్నారు. ఒకే మాట, ఒకే మనిషి. ఊరికే చదివించే సైటుకు చూపించకూడనంత సొంతమైన మాట, డబ్బు కట్టిన దుకాణానికి ఇన్నేళ్లు ఎందుకు చూపించదగినదైంది? ఈ ప్రశ్నకు సరైన సమాధానం ఇప్పటికీ రాలేదు. ఇక ఆ మాటలన్నీ గూగుల్ దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. దాచింది చిన్నవాళ్ల కంటికి కనబడకుండానే. పెద్ద పద్దుపుస్తకం ఉన్నచోటే ఉంది.

సైట్లవారికి పూర్తిగా చీకటి మిగల్చలేదనడానికి సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సేవను చూపిస్తారు. ఏ మాటలకు తమ పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్న మొత్తం లెక్కలు అందులో ఉంటాయి. ఎవరు అడిగారన్నది ఉండదు. మంచి ఏర్పాటే. రెండు మూడు నెలల్లో కనీసం కొన్ని డజన్ల మందైనా అడగని ప్రశ్నను అందులో చూపించరు. అరుదైన ప్రశ్న మనిషిని పట్టిస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే. ఏఓఎల్ అనుభవం చెప్పిన పాఠం కూడా అదే.

ఈ జాగ్రత్త భారం మాత్రం అన్ని భాషల మీదా సమానంగా పడదు. ఇంగ్లిషులో ఒక మామూలు ప్రశ్నను లక్షల మంది ఒకేలా టైపు చేస్తారు. మనవాళ్లు గోంగూర పచ్చడి కోసం వెతికేటప్పుడు కొందరు తెలుగు లిపిలో, కొందరు ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు. ఇంగ్లిషు అక్షరాల్లో దీర్ఘానికి ఒకరు ఒక అక్షరం వాడితే మరొకరు రెండు వాడతారు, ‘చ’కు ఒత్తు ఉందో లేదో ఎవరికి తోచినట్టు వారు పెడతారు. కోస్తాలో ఒక పేరుతో పిలిచే కూరను రాయలసీమలోనో తెలంగాణలోనో మరో పేరుతో వెతుకుతారు. నలుగురూ అడిగింది ఒకటే అయినా లెక్కలో నాలుగు ప్రశ్నలు. ఒక్కోటి ఆ కొన్ని డజన్ల గీత కిందే ఆగిపోతుంది. పెద్ద భాషలో పెద్ద సైటుకు తన పాఠకుల గురించి తెలిసినంత, చిన్న తెలుగు సైటుకు తెలియకుండా పోతుంది. గోప్యత కోసం గీత ఉండాల్సిందే. ఒకే అర్థం ఉన్న రకరకాల రాతలను కలిపి లెక్కిస్తే మనిషి బయటపడకుండానే తెలుగు రాతగాడికి కాస్త దారి కనిపిస్తుంది. రాతలో తేడా ఉన్నా అర్థం ఒకటేనని గుర్తుపట్టగల యంత్రాలు ఆ సంస్థల దగ్గర ఉన్నాయి. గూగుల్ 2013లో హమ్మింగ్‌బర్డ్, 2019లో బెర్ట్ అన్న మార్పులు తెచ్చింది మాటలను విడివిడిగా కాక అర్థంతో కలిపి చదవడానికే.

గోప్యతా, సైటు శ్రేయస్సూ ఒకే దారిలో నడిచిన సందర్భం కూడా ఒకటుంది. దాన్ని మెచ్చుకోవాలి. సైటు చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉంటే, అంటే రాకపోకలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, ఫలితాల వరుసలో దానికి కొంచెం మొగ్గు ఇస్తామని 2014 ఆగస్టులో గూగుల్ చెప్పింది. అంతకు ముందు చాలా సైట్లకు అది ఖర్చుతో కూడిన పని. సర్టిఫికెట్ కొనాలి, ఏటా పునరుద్ధరించాలి. 2015 డిసెంబరులో లాభాపేక్ష లేని ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ ఆ సర్టిఫికెట్లను ఉచితంగా అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్, ఎన్‌క్రిప్షన్ లేని ప్రతి సైటు మీదా ‘సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక చూపించసాగింది. కొన్నేళ్లలో వెబ్ స్వరూపం మారిపోయింది. నెట్ సెంటర్ యజమానో, కనెక్షన్ ఇచ్చే కంపెనీయో మనం ఏ సైటుకు వెళ్లామో చూడగలరేమో కానీ, అందులో ఏ పేజీ చదివామో చూడలేరు. దీనికి ర్యాంకు ఆశ తోడ్పడింది. పాఠకుడికి మేలు చేసేదానికి మార్కులు వేస్తే సైట్లవారు ఎంత వేగంగా దారిలోకి వస్తారో అప్పుడు తెలిసింది. పాఠకుడి వెంట పడి జాడలు తీసే స్క్రిప్టులు తక్కువున్న పేజీకి కూడా అలాగే మార్కులు వేయవచ్చు. వేయడం లేదు. ఆ జాడల మీదే ప్రకటనల వ్యాపారం నిలబడి ఉండటం అందుకు కారణమని అనుకోవడానికి ఆధారాలున్నాయి. సైటు నుంచి సైటుకు పాఠకుడి జాడ తీసే మూడో పక్షపు కుకీలను రెండేళ్లలో తీసేస్తామని 2020 జనవరిలో చెప్పిన గూగుల్, ఏళ్ల తరబడి వాయిదా వేసి, 2024 జులైలో ఆ ఆలోచనే విరమించుకుంది.

మన ఇళ్లలో గోప్యతకు మరో ముఖం ఉంది. ఎన్‌క్రిప్షన్ దాన్ని తాకదు. ఒకే ఫోను భర్త, భార్య, పిల్లలు, అత్తగారు వాడుకునే ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటి కోడలు నెలసరి గురించో, హింస గురించో, తన పేరు మీద ఉన్న పొలం గురించో వెతికితే, మరుసటి రోజు ఇంకొకరు మొదటి అక్షరం కొట్టగానే ఆ ప్రశ్న కిందికి జారి కనిపిస్తుంది. అక్కడ ఆమెకు భయం కాలిఫోర్నియాలోని కంపెనీ గురించి కాదు. గత 15 నిమిషాల్లో వెతికినవి తుడిచేసే వీలును గూగుల్ 2021లో తెచ్చింది. పాత వివరాలు వాటంతట అవే తొలగిపోయే ఏర్పాటు 2019లో వచ్చింది, 2020 జూన్ నుంచి కొత్త ఖాతాలకు 18 నెలల గడువు ముందుగానే పెట్టి ఉంటోంది. ఇవన్నీ మంచివే. కానీ వెతుక్కుంటే తప్ప ఇవి కనపడవు. ఆశా కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల సమావేశాలు, బడిలో కంప్యూటర్ పాఠం చెప్పే టీచర్లు దీన్ని ఒక్క పూటలో నేర్పించగలరు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నేర్పిన మనం దీన్నీ నేర్పవచ్చు.

ఇప్పుడు మరో మార్పు నడుస్తోంది. ఫలితాల పైభాగాన కృత్రిమ మేధ రాసిన జవాబు కనిపించే ‘ఏఐ ఓవర్‌వ్యూస్’ 2024 మేలో అమెరికాలో మొదలై, ఆగస్టుకు భారతదేశానికి వచ్చింది. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025లో వెల్లడించిన పరిశీలన ప్రకారం, అలాంటి జవాబు కనిపించినప్పుడు 8 శాతం సందర్భాల్లోనే పాఠకులు కిందున్న లింకును నొక్కారు. జవాబు లేనప్పుడు నొక్కింది 15 శాతం. మొదట పాఠకుడి మాట సైటుకు అందకుండా పోయింది. ఇప్పుడు పాఠకుడే రావడం తగ్గుతోంది. పదేళ్లు శ్రద్ధగా రాసిన వంటల బ్లాగును చదివి యంత్రం జవాబు తయారుచేస్తే, ఆ బ్లాగు నడిపిన తల్లికి రావాల్సిన పాఠకుడు గడప దాకా రాకుండానే తిరిగిపోతాడు. 2018లో గూగుల్ ప్రకటనల వ్యవస్థ తెలుగును గుర్తించాకే మన బ్లాగులకు నాలుగు రూపాయలు కనపడ్డాయి. ఆ కాస్త ఆదాయానికీ ఇది దెబ్బ.

గోప్యత కోణంలో ఈ మార్పు మరింత లోతైనది. సెర్చ్ పెట్టెలో మనం రెండు మూడు మాటలే వేసేవాళ్లం. మాట్లాడే యంత్రంతో నిండు వాక్యాలు మాట్లాడతాం. “మా నాన్నకు షుగర్ ఉంది, మొన్న కాలికి పుండు పడింది, డాక్టరు ఇలా అన్నాడు, మా దగ్గర అంత డబ్బు లేదు” అని మొత్తం చెప్పుకుంటాం. అది మరో ప్రశ్న అడుగుతుంది, మనం ఇంకొంచెం చెబుతాం. వెనక ఏఓఎల్ జాబితాలో విలేకరులు ముక్కలు ఏరుకుని మనిషిని కనుక్కున్నారు. ఇక్కడ ఏరుకునే పని లేదు, మనిషే తన కథ చెబుతున్నాడు. ఆ కథలు ఎన్నాళ్లు ఉంటాయి, ఎవరు చదువుతారు, వాటితో ఏ యంత్రానికి శిక్షణ ఇస్తారు అన్నవి సైటుకు ర్యాంకు ఎలా తేవాలన్నదానికంటే ఎక్కువగా చర్చించాల్సిన విషయాలు. ఎస్ఈఓ సదస్సులు నగరాల్లో చాలానే జరుగుతుంటాయి. పాఠకుడి గోప్యతకు కూడా వాటిలో ఒక పూట కేటాయించాలి.

అమెరికాలో న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో, సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పు ఇచ్చారు. 2025 సెప్టెంబరులో పరిహార చర్యలు చెబుతూ, గూగుల్ తన దగ్గరున్న కొంత శోధన సమాచారాన్ని అర్హులైన పోటీదారులకు ఇవ్వాలన్నారు. ఇది వాడకందార్ల గోప్యతకు ప్రమాదమని గూగుల్ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. చేతులు పెరిగేకొద్దీ మాట జారిపోయే అవకాశాలూ పెరుగుతాయి. కంపెనీ ఒకటే దాచుకోవాలా, నాలుగు కంపెనీలు పంచుకోవాలా అని ఇద్దరు వాదించుకుంటుంటే, ఆ మాటను టైపు చేసినవాడికి ఆ గదిలో కుర్చీ లేదు. మా ఆవేదన అదే.

మన దేశంలో ఆ కుర్చీ వేయడానికి దారి ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ప్రభుత్వానికి అందులో ఇచ్చిన మినహాయింపులు మరీ విశాలమన్న విమర్శతో మేం ఏకీభవిస్తాం. అయినా సామాన్యుడికి పట్టు దొరికే అంశాలు అందులో ఉన్నాయి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు, తన వివరాలు తుడిచేయమని అడగవచ్చు. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతోంది. ఆ భాషల్లో తెలుగు ఒకటి.

ఈ వెసులుబాటు కాగితం మీదే మిగిలిపోతుందేమోనన్నది మా భయం. కంపెనీలు ఇంగ్లిషు నోటీసును యంత్రానికిచ్చి, ఎవరికీ అర్థం కాని తెలుగులోకి దింపి చేతులు దులుపుకోవచ్చు. బ్యాంకు ఫారాల మీద, బీమా పత్రాల మీద అలాంటి తెలుగును ఇప్పటికే చూస్తున్నాం. తెలుగు సైట్లవారు, ముఖ్యంగా పత్రికలు, ఈ పనిని చట్టం గడువు మెడ మీదికి వచ్చేదాకా ఆపకుండా ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. తమ పేజీల్లో ఎవరెవరి స్క్రిప్టులు నడుస్తున్నాయో ఒకసారి లెక్కచూసి, అవసరం లేనివి తీసేయాలి. పాఠకుల సంఖ్య తెలుసుకోవడానికి వారి వివరాలు బయటి కంపెనీకి పంపనక్కర్లేదు. మటోమో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లోనే నడుపుకోవచ్చు. మిగిలినదాని గురించి, ఏ వివరం తీసుకుంటున్నాం, ఎన్నాళ్లు ఉంచుతాం, ఎవరికి ఇస్తాం, వద్దంటే ఎక్కడ నొక్కాలి అన్న నాలుగు సంగతులను ఏడో తరగతి చదివినవారికి తెలిసే తెలుగులో, పేజీ అడుగున కాక మొదట్లోనే రాయాలి.